తాత పేరు మీద వదిలిన గిత్త

మా ఇంట్లో తాత పేరు ఇద్దరికి వచ్చింది. ఒకడిని నేను, రెండోది ఒక గిత్త. మా ఇద్దరిలో ఊరికి ఎవరు పనికొచ్చారని ఎవరినైనా అడగండి, నా వైపు వేలు చూపించేవాడు ఒక్కడు దొరికినా మీసం తీయించుకుంటాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను "బయటికి పో" అన్నారు. పెద్దల మాట కాదనలేక పోయాను. మళ్ళీ లోపలికి రమ్మని ఆయన విడిగా చెప్పలేదు, నేనూ వెళ్ళలేదు. ఆ తరవాత నా చదువంతా పశువుల వెనకే సాగింది. గిత్త మాత్రం బడి గుమ్మం తొక్కకుండానే చుట్టుపక్కల ఊళ్ళన్నిటా మర్యాదగా బతికింది. అది ఇంటి ముందుకు వస్తే మా అమ్మ నెత్తిన కొంగు కప్పుకునేది. నేను వస్తే చీపురు వెతుక్కునేది.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం, మొన్నామధ్య మా అప్ప ఇంటికి వచ్చిన ఒక డాక్టరమ్మ. మా వైపు అప్ప అంటే అక్క. రాజాం దగ్గర పల్లెలో ఇచ్చారు. బావ పోయాడు, కొడుకు ట్రాక్టర్లు అమ్మే షాపులో పని చేస్తూ అదే ఇంట్లో ఉంటున్నాడు. ట్రాక్టర్లు అమ్మేవాడి పెరట్లో ఒక ముసలి ఆవు, దాని కోడెదూడ. ఈ రెండింటి కోసం తల్లీకొడుకులకి రోజూ తగువే. మగదూడని ఇప్పుడెవరూ ఉంచుకోరు. దున్నడానికి అక్కర్లేదు, బండికి అక్కర్లేదు, పాలివ్వదు. సంత రోజున వ్యాను వస్తుంది, ఊళ్ళో మగదూడలన్నీ ఎక్కుతాయి, అవి ఎక్కడ దిగుతాయో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అప్ప మాత్రం వ్యాను వచ్చే రోజున దూడ తాడు చేతికి చుట్టుకుని కూర్చుంటుంది. అది తాత గిత్త వరస అని దాని నమ్మకం.

ఆ డాక్టరమ్మ వేరే జిల్లా పిల్ల. పశువుల వైద్యం చదివి, పాత రకాల రక్తం పరీక్షించే పని మీద ఊరూరా తిరుగుతోంది. అప్ప దూడని చూడగానే మోటారుసైకిలు ఆపేసింది. పొట్టి కాళ్ళు, బూడిద తెలుపు ఒళ్ళు, నల్లటి గిట్టలు, చిన్న మూపురం. "అమ్మా, ఈ దూడ తల్లికి ఎద ఇంజక్షన్ వేయించారా, గిత్తకి కట్టారా?" అని అడిగింది.

"మా ఇంట పుట్టినకాడ నుంచి సూది ముట్టుకోనేదు తల్లీ," అంది అప్ప. "మేతకెళ్ళినకాడ సూలు కట్టినాది. ఇది మా తాత గిత్త వరసమ్మా. మా తాతే."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ముసలావిడ మతి సరిగా ఉందా అన్నట్టు. "ఉంది. మా తాత నిజంగానే గిత్త," అన్నాను. దాంతో ఆమె నా మతి మీద కూడా ఒక అభిప్రాయానికి వచ్చినట్టుంది.

రక్తం తీస్తూ ఆమె చెప్పిన కబుర్లు మాకు కొత్త. మూపురం ఉన్న పశువుని మనిషి మొదట మచ్చిక చేసుకున్నది అక్కడెక్కడో సింధు నది వైపట. అక్కడి నుంచి మనుషులతో పాటు నడిచి, తరాల తరబడి తూర్పుకీ దక్షిణానికీ వచ్చాయట. ఏ నేలకి వస్తే ఆ నేల గడ్డికీ, ఆ ఎండకీ తగినట్టు మారాయి. దక్షిణాన నల్లరేగడి మీద పడ్డవి ఏనుగు పిల్లల్లా పెరిగాయి. ఒరిస్సా కొండల్లో పడ్డవి మేక కంటే కొంచెం పెద్దవిగా మిగిలాయి. మనవి ఆ రెండింటి మధ్య నలిగినవి. జెర్సీలు అసలు ఈ సంతతే కాదు, పడమటి దేశాల్లో వేరే మచ్చికైన వేరే కుదురు. ఆమె ఇంతా చెప్పి, పరీక్షలో ఇది పాత రకమని తేలితే తమ ఫారానికి విత్తనపు గిత్తగా తీసుకుపోతామని అంది. అప్ప చెయ్యి దూడ మెడ మీద ఆగిపోయింది. "అంటే సంపరు కదా?" అని అడిగింది. "చంపమమ్మా. దీన్ని బతికున్నంతకాలం మేపుతాం." ఆ మాట విన్నాక, ఆ రోజు డాక్టరమ్మ అన్నం తినకుండా ఆ గడప దాటలేకపోయింది.

మా తాత చెప్పే పశువుల పుట్టుక ఇంకో రకంగా ఉండేది. అందులో సింధు నది లేదు, ఉప్పు ఉంది. సముద్రపు ఒడ్డు నుంచి ఎద్దుల వీపున ఉప్పు బస్తాలు వేసుకుని, మందలు మందలుగా కొండదారిన పైకి పోయేవారట. పైనుంచి చింతపండూ, మేం చోళ్ళనే రాగులూ వేసుకుని దిగేవారు. దారిలో ఎద్దు కుంటిదైతే ఏ కొండ ఊళ్ళోనో వదిలి అక్కడి కోడెని తోలుకొచ్చేవారు. ఆవు ఈనితే దారిలోనే ఎవరికో ఇచ్చేవారు. "మన ఆవులు నడిసొచ్చినయి రా, ఎవులూ తోలుకు రానేదు" అనేవాడు తాత. ఆ దారుల్లో ఇప్పుడు కొన్నిచోట్ల కొత్తవలసకి రైలు దిగుతుంది, ఇనప రాయి మోసుకుంటూ. తాత నోట విన్న ఆ కథలో సగం కోతలే అనుకునేవాణ్ణి. డాక్టరమ్మ మాటలు వింటుంటే, ముసలాయన నదులు తప్పాడు గానీ నడక తప్పలేదనిపించింది.

ఆ తాత పోయినప్పుడు పెద్దకర్మ నాడు ఆయన పేరు మీద కోడెదూడని వదిలారు. మంద మొత్తంలో మచ్చ లేనిదాన్ని మామ్మే ఎంచింది. మామ్మ అంటే మా నాన్న తల్లి, అప్పటికి తెల్లచీరలోకి వచ్చి పదిరోజులే. దూడకి పసుపు రాసి, మెడలో దండ వేసి, కాలికి మువ్వ కట్టి, ఎర్రగా కాల్చిన అచ్చు తొడ మీద పెట్టారు. కాలిన వెంట్రుకల వాసన, ధూపం వాసన కలిసి పెరడంతా నిండిపోయింది. అది ఒక్క అరుపు అరిచి మా అందరినీ తోసుకుని చెరుకు చేల వైపు పరుగు తీసింది. "ఎల్లిపోనాడు," అంది మామ్మ. ఆ క్షణం నుంచి అది గిత్త కాదు, తాత. ఎవరి తాడూ దాని మెడలో పడకూడదు. ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తకూడదు. బదులుగా అది ఊళ్ళో ఆవులన్నింటికీ దూడలనిచ్చేది. ఊరికీ దానికీ ఉన్న ఒప్పందం అంతే, అది ఎక్కడా రాసుకున్నది కాదు.

పొద్దున్నే మామ్మ కుండలో కుడితి కలిపేది. రాత్రి మిగిలిన గంజి, తవుడు, ఉడికిన ఉలవల నీళ్ళు, పైన చిటికెడు ఉప్పు. ఆ పుల్లటి వెచ్చటి వాసనకి తాత ఎక్కడున్నా వచ్చేవాడు. వీధి మొగలో మువ్వ చప్పుడు వినపడగానే అమ్మ అరుగు మీద నుంచి దిగ్గున లేచేది. "మావొచ్చీసినాడు!" అని కొంగు సర్దుకుని తలుపు చాటుకి పోయేది. బతికున్నప్పుడు ఆ మామగారి ముందు ఎలా నిలబడేదో, మూపురం వచ్చాక కూడా అలాగే. అది ఆరబెట్టిన వడియాలు తినేస్తున్నా తలుపు చాటు నుంచే, "మావా, అయ్యి పిల్లలకి, ఒగ్గీండి," అంటూ వదిలెయ్యమని బతిమాలేది. నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. మామ్మ మాత్రం ఆ గంగడోలు నిమురుతూ ఇంటి సంగతులన్నీ వరసగా చెప్పేది. ఎవరికి జ్వరం, ఏ మడిలో తెగులు, పెద్దమనవరాలి సంబంధం ఎంతవరకు వచ్చింది. చివరికి నా సంగతి. "మీ పేరెట్టుకున్నోడు బడి మానీసినాడు, సూడండి." గిత్త నా వైపు చూసి బుస్సుమనేది.

ఈ గౌరవమే మా కొంప ముంచింది. ఊళ్ళో అందరి ఆవులూ ఎదకొస్తే తాత దగ్గరకి తోలేవారు. మా ఇంటి ఆవు ఎదకొచ్చినప్పుడు మామ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఇంటి ఆవుని ఇంటి పెద్ద దగ్గరికి తోలుతారేట్రా? బుద్దుండక్కర్నేదా?" అంది. మనుషులకి గోత్రం ఎలాగో మా పశువులకీ అలాగే అని తేల్చింది. మా నాన్న నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఒకటి రెండేళ్ళు పక్క ఊరి గిత్తకి తోలుకుపోయాం. తరవాత పశువుల ఆసుపత్రిలో చూలు కట్టించే సూది వచ్చింది. కాంపౌండరు ఇంటికే వచ్చి వేసేవాడు. తాతది కాని పరాయి విత్తనం కాబట్టి మామ్మకి ఏ అభ్యంతరమూ కనపడలేదు. అలా ఊరందరికీ గిత్తనిచ్చిన ఇంట్లోనే అందరికంటే ముందు పాత వరస పోయింది.

మొదటి సూది దూడ పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. పెద్ద దూడ, మచ్చల దూడ, కళ్ళు పెద్దవి. అందరూ ముచ్చటపడ్డారు. మామ్మ దాని వీపు మీద మెడ నుంచి తోక దాకా అరచెయ్యి నడిపించి, మళ్ళీ వెనక్కి నడిపించింది. "మూపురమేదిరా?" అంది. "కాడి ఎక్కడ ఆనుతాది దీనికి?" నాన్న పాల గురించి చెప్పాడు. పాలు నిజంగానే వచ్చాయి, బిందె నిండా వచ్చాయి. కానీ ఆ దూడ అన్నదమ్ముల్ని నాగలికి కట్టినప్పుడు పొద్దు నెత్తి మీదికి రాకుండానే నాలుక బయటపెట్టి నీడకి పోయి పడుకునేవి. వేసవిలో వాటి మీద గోనెలు తడిపి కప్పేవాళ్ళం. మా పాత ఎద్దులు ఆ ఎండలో నెమరేస్తూ వాటిని చూసేవి, ఊరి పిల్లలు పట్నం అల్లుణ్ణి చూసినట్టు.

అప్ప పెళ్ళికి నాన్న ఆ మచ్చల వరస పెయ్యనే తోలిస్తానన్నాడు. అప్ప ఒప్పుకోలేదు. ఎదురింటి గవరయ్య ఆవుకి తాత వల్ల పుట్టిన పెయ్యే కావాలంది. "పుట్టింటోళ్ళు ఎవులూ రాకపోయినా తాతైనా నా కూడా వస్తాడు," అంది. మామ్మ ఏడ్చింది, గవరయ్యకి మచ్చల పెయ్యనిచ్చి ఆ పొట్టి పెయ్యని తెచ్చారు. గవరయ్య ఆ బేరానికి వారం రోజులు నవ్వుకున్నాడు. ఇప్పుడు అప్ప పెరట్లో ఉన్న ముసలి ఆవు ఆ పెయ్యకి మనవరాలికి మనవరాలో, ఇంకా దూరమో.

అప్ప అత్తారింటికి వెళ్ళిన మరుసటి ఏడాది ఊళ్ళో నాటు గిత్తలకి విత్తులు కొట్టే కార్యక్రమం పెట్టారు. నాసిరకం గిత్తలు తిరుగుతుంటే మంచి విత్తనం నిలబడదని చాటింపు వేశారు. బడి మైదానంలో గుంజలు పాతారు. చర్మం తెగకుండా లోపలి నరాలని నలిపేసే పెద్ద పటకారు తెచ్చారు. మొదట అందరూ తమ తమ కోడెల్ని తెచ్చారు. తరవాత కుర్రాళ్ళు నలుగురు తాతని కూడా మేత ఆశపెట్టి తోలుకొచ్చి తాళ్ళు వేశారు. ఆ మెడలో తాడు పడటం అదే మొదలు. కబురు విని మామ్మ చెప్పులు లేకుండా వచ్చింది, వెనక నాన్న, నేను.

కాంపౌండరు చెడ్డవాడు కాదు. మా ఇంట్లో మజ్జిగ తాగినవాడే. పటకారు కింద పెట్టి, "మామ్మా, సొంతదారు వద్దంటే నేను ముట్టుకోను. మీదే అని ఒక్కమాట చెప్పు, ఇప్పుడే విప్పించేస్తాను," అన్నాడు.

మైదానంలో అందరూ మామ్మ వైపు చూశారు. నాన్న దగ్గరగా జరిగి, "సెప్పీవే అమ్మా. మనదే అని సెప్పీ," అన్నాడు.

మామ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. చివరికి, "నాది కాదు బాబూ," అంది. "ఒగ్గీసినాం. ఒగ్గీసిందాన్ని మళ్ళీ నాదంటే, అక్కడికెల్లిన మడిసి దారిలోంచి ఎనక్కి రావాల."

"అయితే ఇది ఎవరిది?" అన్నాడు కాంపౌండరు.

"ఎవులిదీ కాదు."

ఎవరిదీ కానిదానికి వద్దనే హక్కు ఎవరికీ లేదు. నేను "నాదే" అందామని ముందుకు వెళ్ళాను. మామ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నొప్పి ఇప్పటికీ తెలుస్తుంది. పని చాలా త్వరగా అయిపోయింది. గిత్త అరవలేదు. తాళ్ళు విప్పాక లేవకుండా కాసేపు అలాగే కూర్చుండిపోయింది, మా వైపు కాకుండా బడి గోడ వైపు చూస్తూ. మామ్మ కొంగు కప్పుకుని ఇంటికి నడిచింది.

ఒప్పందం అక్కడితో తెగిపోయింది. దూడలివ్వని గిత్తకి చేను ఎందుకు మేపాలన్నది ఊరి లెక్క. తప్పని ఎలా అంటాం? తాత లావెక్కాడు, నెమ్మదించాడు, పిల్లలు తోక లాగినా ఊరుకునేవాడు. మొదట అదిలించారు, తరవాత రాళ్ళు వేశారు. నిన్నటిదాకా "తాతొచ్చి మేసెల్లినాడు" అని కళ్ళకద్దుకున్నవాళ్ళే "ఈ ఎదవ గిత్త" అనడం నేను విన్నాను. ఆ వర్షాకాలంలో ఒకరోజు మువ్వ చప్పుడు వంకరగా వినిపించింది. వెనక కాలు నరం ఎవరో కత్తితో తెగ్గోశారు. ఎవరో ఊరందరికీ తెలుసు, మాకూ తెలుసు, నాన్న వెళ్ళి అడగలేదు. ఏమని అడుగుతాడు? ఎవరిదీ కాదని మేమే చెప్పాం కదా.

మూడు కాళ్ళ మీద వచ్చి మా గుమ్మం ముందే పడింది. మామ్మ దాని పక్కనే గోనె వేసుకుని కూర్చుంది. పసుపు, వేపాకు, పొగ పెట్టడం, ఏది చేసినా పుండులో పురుగు పట్టింది. అరుగు మీద అన్నం తినలేకపోయేవాళ్ళం, ఆ వాసనకి. అమ్మ అప్పుడు కూడా దాని ముందుకు కొంగు లేకుండా రాలేదు. కుడితి నోటికి అందిస్తే నాలుకతో మామ్మ చెయ్యి నాకేది గానీ మింగేది కాదు. పోయిన రోజున వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. మగడు పోయినప్పుడు వచ్చినట్టే వచ్చి, మామ్మ చుట్టూ కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ్మ బోసి చేతులు రెండూ ముందుకు చాపింది. "గాజుల్నేవు, బొట్నేదు. ఈపాలి ఏటి తీస్తారే?" అంది. చలికాలం రాకముందే మామ్మ కూడా పోయింది. ఆమె పేరు మీద దేన్నీ వదల్లేదు. ఆడవాళ్ళ పేరు మీద వదిలే ఆనవాయితీ మాకు లేదు.

ఇప్పుడు విశాఖలో నాటు ఆవు నెయ్యి అంటే సీసాలకి రంగు కాగితం అంటించి అమ్ముతున్నారు. మేడల వాళ్ళు పొట్టి ఆవుల్ని ముద్దుకి పెంచుకుని, ఫొటోలు తీసి పంచుతున్నారు. మా కాలంలో నాసిరకం అని నలిపేసినవాటినే ఇప్పుడు ఫారాల్లో వెతుకుతున్నారు. తప్పు తెలుసుకోవడం మంచిదే. కాకపోతే తెలుసుకునేసరికి నలిపేసే పని పూర్తయిపోయింది. మా మేత బీళ్ళలో సగం జీడితోటలు, మిగతా సగం రంగురాళ్ళు పాతిన ప్లాట్లు. తాత తిరిగిన దారిలో ఇప్పుడు మేక కూడా యజమాని లేకుండా తిరగదు.

డాక్టరమ్మ ఫోన్ వచ్చిన రోజు నేను అప్ప ఇంట్లోనే ఉన్నాను. ఆమె గొంతులోనే తెలిసిపోయింది. తల్లి వైపు వరసంతా పాతదే, ఎంత వెనక్కి వెళ్ళినా మూపురపు పశువే అంది. తండ్రి వైపు మాత్రం కాదు. దూడకి మూపురం ఉంది, గంగడోలు ఉంది, కానీ మగ వరస సముద్రాల అవతలిది. సూది వేయించకపోయినా, మేతకాడ తిరిగిన గిత్త సూదికి పుట్టినదే అయివుంటుంది, ఎన్ని తరాల కిందటిదో చెప్పలేం. విత్తనానికి తీసుకోవడం కుదరదు. "చాలా సారీ అండీ. అమ్మగారికి మీరే మెల్లగా చెప్పండి," అంది. మెల్లగా చెప్పే పని నాకు అప్పజెప్పిన మొదటి మనిషి ఆమే.

అప్పకి చెప్పాను. వంగి పేడ ఎత్తుతున్నదల్లా ఆగింది. "ఆవు మనదేనా?" అని అడిగింది. మనదే అన్నాను. "తాత?" అంది. మగ వరసలో లేడన్నాను. మళ్ళీ వంగి పేడ ఎత్తింది. తట్ట నిండాక కూడా ఎత్తుతూనే ఉంది. లోపలి నుంచి మేనల్లుడు తల బయటపెట్టి, "రేపు సంత, వ్యానోడికి సెప్పీమంటావా అమ్మా?" అని అడిగి, తల్లి ఇంకో చేతెడు పేడ ఎత్తడం చూసి మెల్లగా లోపలికి పోయాడు. దూడ అప్ప చీర కుచ్చిళ్ళు నములుతోంది.

అది చూడటం నావల్ల కాలేదు. నాకు తెలిసిన మందు వేళాకోళం ఒక్కటే కదా. "ఏటే అప్పా, అలగైపోనావు? వ్యానోడికి ఇవ్వొద్దు, ఉంచీ," అన్నాను. "నాను ఇంకెన్నాళ్ళుంటాను? నాను పోనాక దీనికే అచ్చేసి నా పేరు మీద ఒగ్గీ. దీనికి బతుకు, నాకు మోచ్చం."

అప్ప తట్ట నెత్తిన పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎక్కడికి ఒగ్గుతార్రా నిన్ను?" అంది. "అటేపు జీడితోట కరెంటు కంచె, ఇటేపు ప్లాట్ల గోడ, మజ్జిలో బైపాసు. పొద్దున్న ఒగ్గితే సందేళకి లారీ కింద పడి ఇంకోపాలి సస్తావు. కర్మ సెయ్యడానికి మళ్ళీ నానే రావాల."